రా ఫుటేజ్, కలర్ స్పేస్‌లు, కంపోజిటింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కంపోజిటింగ్‌లోకి, అంటే వేర్వేరు బొమ్మల్ని ఒకే షాట్‌గా కలిపే పనిలోకి, కొత్తగా వచ్చినవాళ్ళు, ఎడిటింగ్ నుంచి ఇటు మళ్ళినవాళ్ళు అడిగే ప్రశ్నలివి. ఏళ్ళ తరబడి షాట్లు చేస్తూ కూడా ఈ విషయం వచ్చేసరికి మాట మార్చేసేవాళ్ళూ వీటినే, కాస్త గొంతు తగ్గించి అడుగుతుంటారు. నేను రోజూ వాడే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్ కాబట్టి ఆ పేరు ఎక్కువగా వస్తుంది. ఫ్యూజన్‌, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌, బ్లెండర్‌ వాడేవాళ్ళకి బటన్ల పేర్లు మారతాయి, లెక్క మాత్రం ఇదే.

రా ఫుటేజ్ ఏ కలర్ స్పేస్‌లో ఉంటుంది?

ఏ కలర్ స్పేస్‌లోనూ ఉండదు. చాలామందిని మొదట కంగారుపెట్టేది ఈ జవాబే.

రా అంటే కెమెరా సెన్సర్ కొలిచింది కొలిచినట్టే రాసిన ఫైల్. సెన్సర్ మీద ఒక్కో బిందువు ముందు ఒకే ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో ఈ అమరిక మీద పేటెంట్ వచ్చింది, అందుకే దీన్ని బేయర్ ప్యాటర్న్ అంటారు. రెండడ్డం, రెండు నిలువు గళ్ళు తీసుకుంటే అందులో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అంటే రా ఫైల్లో ఒక్కో బిందువుకి ఒక్క అంకె ఉంటుంది, మూడు కాదు. మిగతా రెండు రంగుల్నీ చుట్టుపక్కల బిందువుల్ని చూసి అంచనా కట్టడమే డీబేయర్. అలా వచ్చిన మూడు అంకెలు కూడా ఆ సెన్సర్ సొంత భాషలోనే ఉంటాయి. వాటిని ఒక మ్యాట్రిక్స్‌తో మనకి తెలిసిన స్పేస్‌లోకి మార్చినప్పుడే "ఈ ఎరుపు అంటే ఫలానా ఎరుపు" అని చెప్పగలం.

కాబట్టి రా ఫైల్ తెరిచేటప్పుడు "ఇది ఏ స్పేస్‌లో ఉంది" అని అడగకండి. "దీన్ని ఏ స్పేస్‌లోకి తెరుస్తున్నాను" అని అడగండి. వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ లాంటివి చాలా రా ఫార్మాట్లలో ఫైలు పక్కన రాసిపెట్టిన సూచనలు మాత్రమే. తెరిచేటప్పుడు వాటిని మార్చుకోవచ్చు. మార్చుకునే వీలుంది కాబట్టే గొడవ కూడా. ఇద్దరు ఒకే ఫైల్ని రెండు వైట్ బ్యాలెన్స్‌లతో తెరిస్తే రెండు వేర్వేరు ప్లేట్లు (కంపోజిట్‌కి ఆధారంగా వాడే కెమెరా ఫుటేజ్) తయారవుతాయి. ఎవరి ప్లేట్ అసలుది అనే వాదన ఎప్పటికీ తేలదు.

అందుకే రాని ఒక్కసారే, ఒకే చోట, ఒకే సెట్టింగులతో తెరిచి ఈఎక్స్ఆర్ అనే బొమ్మ ఫైళ్ళుగా మార్చి అందరికీ పంచాలి. కంపోజిటర్లు ఎవరికి వారు రా తెరుచుకోవడం నాకు నచ్చని పద్ధతి. చిన్న టీమ్‌లో తప్పదనుకుంటే సెట్టింగులు రాసి పెట్టుకోండి. షార్పెనింగ్ ఆఫ్ చేయండి. డీబేయర్ పూర్తి నాణ్యతలో పెట్టండి. సగం రిజల్యూషన్ డీబేయర్‌తో గ్రీన్ స్క్రీన్ ప్లేట్ తీసి, తర్వాత జుట్టు అంచులు రావడం లేదని కీయర్‌ని (ఆకుపచ్చని తీసేసే టూల్‌ని) తిట్టుకోవడం ఎంతమందికి అలవాటో.

లాగ్ అన్నా గ్యామట్ అన్నా ఒకటేనా?

కాదు. కలర్ స్పేస్ అనే మాటలో మూడు విషయాలు కలిసి ఉంటాయి. మొదటిది ఏ ఎరుపు, ఏ ఆకుపచ్చ, ఏ నీలం మూలాలుగా తీసుకున్నారు అన్నది, అది గ్యామట్. రెండోది ఏది తెలుపు. మూడోది కాంతిని అంకెలుగా ఏ వంపుతో రాశారు, అంటే కర్వ్. లాగ్ అనేది ఈ మూడో దాని సంగతి.

కెమెరా కంపెనీలు వీటిని జతలుగా ఇస్తాయి. ఆరీలో లాగ్‌సీ3కి ఆరీ వైడ్ గ్యామట్ 3, అలెక్సా 35తో వచ్చిన లాగ్‌సీ4కి ఆరీ వైడ్ గ్యామట్ 4. రెడ్‌లో లాగ్3జీ10కి రెడ్ వైడ్ గ్యామట్. ప్యానాసోనిక్‌లో వీ-లాగ్‌కి వీ-గ్యామట్. సోనీ దగ్గర చిన్న చిక్కుంది: ఎస్-లాగ్3 ఒక్కటే, దానితో వచ్చే గ్యామట్‌లు మాత్రం రెండు, ఎస్-గ్యామట్3, ఎస్-గ్యామట్3 సినీ. "ఫుటేజ్ ఎస్-లాగ్3" అని ఎవరైనా చెబితే సగం సమాచారమే ఇచ్చినట్టు.

ఏది తప్పిందో కంటితో పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. కర్వ్ తప్పితే ప్లేట్ మొత్తం ముదురుగానో, వెలిసిపోయినట్టుగానో ఉంటుంది, ఎవరైనా పట్టేస్తారు. గ్యామట్ తప్పితే వెలుగునీడలు బాగానే ఉంటాయి. ముఖం రంగు కొద్దిగా పాలిపోతుంది, లేదా ఎర్ర బట్ట కొద్దిగా నారింజ వైపు జరుగుతుంది. ఇది ఎవరూ పట్టరు. ఆఖరుకి డీఐలో, అంటే చివరగా రంగులు దిద్దే దశలో, బయటపడుతుంది. నా దృష్టిలో రెండో తప్పే ప్రమాదకరం.

కర్వ్ తప్పు పెడితే ఎంత తేడా వస్తుంది? కొంచెం గ్రేడ్ చేసి సర్దుకోలేమా?

సర్దుకోలేం. ఒక లెక్క దగ్గరగా చూద్దాం.

కెమెరా ముందు 18 శాతం బూడిద కార్డు పెట్టారనుకోండి. లీనియర్‌లో, అంటే వెలుగు ఎంతో అంకె అంతే ఉండే లెక్కలో, దాని విలువ 0.18 రావాలి. లాగ్‌సీ3లో, 800 ఈఐ (ఎక్స్‌పోజర్ ఇండెక్స్) దగ్గర, ఆ కార్డు 0.391గా రాసి ఉంటుంది. లాగ్‌సీ4లో అదే కార్డు 0.278. ఇప్పుడు లాగ్‌సీ4 ప్లేట్‌ని రీడ్ నోడ్‌లో (ఫైల్ని తెరిచే చోట) పొరపాటున లాగ్‌సీ3 అని చెప్పారు. 0.278ని లాగ్‌సీ3 సూత్రంతో విప్పితే వచ్చేది 0.18 కాదు, సుమారు 0.057. అంటే ఒక స్టాపు (వెలుగు సగం కావడం), మరో స్టాపులో మూడింట రెండు వంతులు తక్కువ.

"అయితే ఎక్స్‌పోజర్ ఆ మేరకు పెంచితే సరి" అనిపిస్తుంది. బూడిద కార్డు దగ్గర సరిపోతుంది కూడా. కానీ లాగ్‌సీ3 కర్వ్‌లో 1.0 అంటే లీనియర్‌లో సుమారు 55. లాగ్‌సీ4లో 1.0 అంటే సుమారు 470. మధ్యలో సరిపెట్టినా పైన వెలుగులు ఎక్కడికక్కడ నలిగిపోయి ఉంటాయి. దీపం, ఆకాశం, నుదుటి మీద మెరుపు, దేని నిష్పత్తీ నిజం కాదు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. ఒక పనిలో ప్లేట్లన్నీ ముదురుగా వచ్చాయి. "రాత్రి సీను కదా, ఇలాగే తీసుంటారు" అనుకుని మొదటి నోడ్‌గా ఎక్స్‌పోజర్ పెట్టేసి పన్నెండు షాట్లు ముగించాను. అన్నీ తిరిగొచ్చాయి. ఎక్స్‌పోజర్ నోడ్ తీసేసి రీడ్ నోడ్‌లో ఒక్క మెనూ మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తప్పు వెలుగుని చూసి లైటింగ్ చేసిన సీజీని (కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మల్ని) మళ్ళీ సరిచేయడానికి మాత్రం వారం. అప్పటి నుంచి ప్లేట్ రాగానే నేను మొదట చేసే పని, అందులో బూడిద కార్డు ఉన్న ఫ్రేమ్ ఎక్కడుందో అడగడం.

కంపోజిట్ లీనియర్‌లోనే ఎందుకు చేయాలి?

వెలుగు కూడిక లెక్కలో నడుస్తుంది కాబట్టి. గదిలో ఒక దీపానికి అలాంటిదే మరొకటి కలిస్తే వెలుగు రెట్టింపు. లీనియర్ విలువల్లోనూ అంతే, 0.2కి 0.2 కలిస్తే 0.4. లాగ్‌లో కూడితే నిజానికి గుణించినట్టు అవుతుంది. ఎస్ఆర్‌జీబీ లాంటి డిస్‌ప్లే విలువల్లో కూడితే ఏమవుతుందో పేరు పెట్టడం కూడా కష్టం.

డీఫోకస్ ఉదాహరణ తీసుకోండి. ప్లేట్‌లో దూరంగా ఒక వీధి దీపం, ఒక్క పిక్సెల్ అంత. దాని లీనియర్ విలువ 40. దాన్ని 25 పిక్సెళ్ళ గుండ్రం మీదికి పరిస్తే ఒక్కో పిక్సెల్‌కి 1.6 వస్తుంది. అంటే తెల్లగా వెలిగే చక్కని బోకే (ఫోకస్ తప్పిన వెలుగు చుక్క). అదే ప్లేట్‌ని డిస్‌ప్లే స్పేస్‌లోకి మార్చి 1.0 దగ్గర కోసేశాక డీఫోకస్ చేస్తే 1ని 25తో భాగించాలి, 0.04. వెలగాల్సిన దీపం బూడిద మరకలా మిగులుతుంది. "నా డీఫోకస్ నిజం లెన్స్‌లా రావడం లేదు, ఏ ప్లగిన్ కొనాలి" అని అడిగేవాళ్ళకి నేను ముందు వెతకమనేది ఈ కోత ఎక్కడ జరిగిందో.

అంచుల సంగతీ ఇదే. తెల్లటి వస్తువు నల్లటి నేపథ్యం మీద ఉంది, అంచు పిక్సెల్‌లో సగం వస్తువు, సగం నేపథ్యం. సగం వెలుగు అంటే లీనియర్‌లో 0.5. తెర మీద 8 బిట్ లెక్కలో అది దాదాపు 188. ఎస్ఆర్‌జీబీలోనే కలిపితే 128 వస్తుంది, అంటే వెలుగులో సుమారు 0.21 మాత్రమే. రోటో (చేత్తో గీసిన అంచు), కీ అన్నీ బాగున్నా అంచు చుట్టూ సన్నటి మురికి గీత కనబడుతోందంటే కారణం చాలాసార్లు ఇదే.

మరి స్క్రీన్ మర్జ్ వాడితే లీనియర్‌లో వింతగా వస్తోందేం?

మర్జ్ అంటే రెండు బొమ్మల్ని కలిపే నోడ్. అందులో స్క్రీన్ పద్ధతి అసలు లెక్క ఇది: రెండింటినీ కూడి, వాటి లబ్ధాన్ని తీసేయాలి. విలువలు 0కి, 1కి మధ్య ఉన్నంతవరకు బాగుంటుంది. లీనియర్ ప్లేట్‌లో మంట విలువ 3, దాని మీద వేసే స్పార్క్ కూడా 3 అనుకోండి. కూడితే 6, లబ్ధం 9, మిగిలేది మైనస్ 3. మంట మీద మంట వేస్తే నల్ల రంధ్రం పడింది! న్యూక్ 1 దాటిన చోట లెక్క మార్చి రెండింట్లో పెద్దదాన్ని తీసుకుంటుంది కాబట్టి రంధ్రం పడదు, కానీ వెలుగు కూడా కలవదు. మంటలు, స్పార్కులు, ఫ్లేర్‌లు, అన్నింటికీ ప్లస్ వాడండి. అది నిజంగా వెలుగు చేసే పని.

ప్లేట్ ఒకసారి నల్లగా, ఒకసారి పాలిపోయి కనిపిస్తోంది. ఫైల్ పాడైందా?

ఫైల్‌కి ఏమీ కాలేదు. లీనియర్ ప్లేట్‌ని ఏ వ్యూ (తెరకి తగ్గట్టు చూపించే మార్పిడి) లేకుండా నేరుగా తెరకి పంపితే నల్లగా, కాంట్రాస్ట్ ఎక్కువగా కనిపిస్తుంది. లాగ్‌ని నేరుగా పంపితే పొగమంచు కప్పినట్టు ఉంటుంది. వ్యూయర్‌లో ఏ వ్యూ ఉందో చూసుకోండి.

పని చేసే స్పేస్‌గా ఏది పెట్టుకోవాలి? ఏసెస్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. కానీ ఒకటి కంటే ఎక్కువ కెమెరాలు, సీజీ, మ్యాట్ పెయింటింగ్, రెండు మూడు స్టూడియోలు కలిసిన పని అయితే అందరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ ఆ అవసరం కోసమే ఏసెస్‌ని తయారుచేయించింది. 1.0 వెర్షన్ 2014లో వచ్చింది.

ఇందులో పేర్లు నాలుగైదు ఉంటాయి కాబట్టి తికమక. ఏసెస్ 2065-1 అనేది ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవడానికి. దాని గ్యామట్ ఎంత పెద్దదంటే కంటికి కనిపించే రంగులన్నీ అందులో ఇమిడిపోతాయి. అలా ఇమడ్చడం కోసం దాని మూలరంగుల్లో కొన్ని అసలు లోకంలో లేని చోట పెట్టారు. అందుకే అందులో లైటింగ్ గుణకారాలు చేస్తే రంగులు వింతగా వస్తాయి. పని చేయడానికి ఏసెస్ సీజీ ఉంది. అదీ లీనియరే, గ్యామట్ మాత్రం మనం నిజంగా వాడే రంగులకి దగ్గరగా ఉంటుంది. కంపోజిటింగ్, రెండరింగ్ రెండూ ఇందులోనే. ఏసెస్ సీసీటీ లాగ్ కర్వ్, డీఐలో కలరిస్ట్ వాడతారు.

కాబట్టి సాధారణంగా నడిచే దారి: ప్లేట్ ఏసెస్ 2065-1లో వస్తుంది, రీడ్ నోడ్ దాన్ని ఏసెస్ సీజీలోకి తెస్తుంది, పని అయ్యాక రైట్ నోడ్ మళ్ళీ 2065-1లో రాస్తుంది. ప్లేట్ ఏ స్పేస్‌లో వచ్చిందో అందులోనే తిరిగి వెళ్ళాలి.

ఒకే కెమెరాతో తీసిన చిన్న పని, సీజీ కూడా లేదు అంటే ఆ కెమెరా గ్యామట్‌లోనే, లీనియర్‌లో పనిచేసినా నష్టం లేదు. ఏసెస్ పేరు చెప్పకపోతే చిన్నచూపు చూస్తారేమోనని అనవసరంగా నాలుగు మార్పిడులు పెట్టకండి.

ఓసీఐఓ అంటే ఏసెసేనా?

కాదు, రెండూ వేరు. ఓసీఐఓ (ఓపెన్ కలర్ ఐఓ) రంగుల మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్. ఏసెస్ నిఘంటువు లాంటిదైతే ఓసీఐఓ ఆ నిఘంటువుని చూసి అనువదించే మనిషి. సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్‌లో పుట్టి, 2010లో ఓపెన్ సోర్స్ అయింది. ఇప్పుడు అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కింద ఉంది. ఏసెస్ లేకుండా కూడా ఓసీఐఓ వాడుకోవచ్చు.

దాని గుండె ఒక కాన్ఫిగ్ ఫైల్. ఏ స్పేస్ పేరు ఏమిటి, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా వెళ్ళాలి, వ్యూయర్‌లో ఏ వ్యూలు కనబడాలి అన్నీ అందులో ఉంటాయి. న్యూక్, మాయా, హూడినీ, బ్లెండర్, అన్నీ ఒకే కాన్ఫిగ్‌ని చదివితే లైటింగ్ వాళ్ళ తెర మీద కనిపించేదీ మీ తెర మీద కనిపించేదీ ఒకటే అవుతుంది. ఓసీఐఓ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆ ఫైల్ దారి ఇచ్చేస్తే ప్రతి సాఫ్ట్‌వేర్‌లో విడిగా పెట్టే పని తప్పుతుంది. ప్రాజెక్ట్ మధ్యలో కాన్ఫిగ్ మార్చారంటే పాత స్క్రిప్టుల్లో స్పేస్ పేర్లు దొరక్క రీడ్ నోడ్‌లు ఎర్రబడతాయి. ఎర్రబడితే అదృష్టం. చప్పుడు లేకుండా డిఫాల్ట్‌కి పడిపోతేనే తంటా.

దర్శకుడు చూసి ఓకే చేసిన లుక్‌ని నా రెండర్‌లో కలిపేయాలా?

వద్దు. లుక్ వ్యూయర్‌లో ఉండాలి, ఫైల్లో కాదు. మీరు తిరిగిచ్చే ప్లేట్ మీద కలరిస్ట్ అదే లుక్‌ని మళ్ళీ వేస్తారు. మీరూ కలిపితే రెండుసార్లు పడుతుంది.

లుక్ సాధారణంగా రెండు రూపాల్లో వస్తుంది. సీడీఎల్ అయితే పది అంకెలు: స్లోప్, ఆఫ్‌సెట్, పవర్ ఒక్కోదానికి మూడు, సాచురేషన్‌కి ఒకటి. ఈ పది అంకెల్నీ ఏ స్పేస్‌లో ఉండి రాశారో తెలియకపోతే అవి ఎందుకూ పనికిరావు. ఏసెస్ సీసీటీలో చేసిన ఆఫ్‌సెట్‌ని లీనియర్‌లో వేసి చూడండి, నీడలన్నీ మురికి నీళ్ళలా తేలిపోతాయి. రెండోది లట్. 33 పాయింట్ల త్రీడీ లట్ అంటే 35,937 బిందువుల పట్టిక, మధ్యలో వచ్చే విలువల్ని అంచనా కడుతుంది. చాలా లట్‌లు 0 నుంచి 1 దాటిన విలువల్ని కోసేస్తాయి, పైగా వాటిని కచ్చితంగా వెనక్కి తిప్పలేం. చూడటానికి లట్ మంచి సాధనం. పైప్‌లైన్ మధ్యలో పెట్టారంటే పైనున్న వెలుగులు పోయినట్టే.

క్లయింట్‌కి పంపే క్విక్‌టైమ్‌లో మాత్రం లుక్ కలిపి పంపాలి. అక్కడ కలపకపోతే "ఇంత పాలిపోయిందేంటి" అని ఫోన్ వస్తుంది.

డెప్త్, నార్మల్స్, మోషన్ వెక్టర్‌లకి ఏ కలర్ స్పేస్ పెట్టాలి?

ఏదీ వద్దు. రా డేటా టిక్ చేయండి. అవి రంగులు కావు, కొలతలు. క్రిప్టోమ్యాట్, మ్యాట్‌లు (ఎక్కడ ఏది కనబడాలో చెప్పే ముసుగులు), రఫ్‌నెస్ టెక్స్చర్‌లు కూడా ఇదే లెక్క. ఈ "రా" అనే మాటకీ కెమెరా రాకీ సంబంధం లేదు, పేరొక్కటే కలిసింది.

ఫోటోనో లోగోనో ప్లేట్‌లో పెడితే తెలుపు బూడిదగా వస్తోంది. ఎందుకు?

ఈ ప్రశ్నకి రెండు సరైన జవాబులున్నాయి. ఏది మీకు వర్తిస్తుందన్నది ఆ బొమ్మ సీనులో ఏమై ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది.

బొమ్మ సీనులో ఒక వస్తువు అనుకోండి: గోడ మీద అతికించిన పోస్టర్, డబ్బా మీద లేబుల్. దాన్ని ఎస్ఆర్‌జీబీ టెక్స్చర్‌గా తీసుకోవాలి. అప్పుడు తెలుపు లీనియర్ 1.0 అవుతుంది. ఏసెస్ 1 వ్యూలో 1.0 అనేది తెర మీద పూర్తి తెలుపు కాదు, సుమారు 80 శాతం దగ్గర ఆగుతుంది. మీకు బూడిదగా అనిపించేది ఇదే, ఇది తప్పు కాదు. గోడ మీది కాగితం సూర్యుడిలా వెలగకూడదు కదా. వెలుగు చాలకపోతే సీను వెలుగుకి తగ్గట్టు దాన్ని గ్రేడ్ చేయండి.

బొమ్మ సీనుకి బయటిది అయితే, అంటే టైటిల్ కార్డు, తెర మీద యథాతథంగా కనిపించాల్సిన లోగో, అప్పుడు వ్యూని వెనక్కి తిప్పి తీసుకోవాలి. దానివల్ల ముందుకి వెళ్ళేటప్పుడు అదే వ్యూ పడి మొదటి రంగు తిరిగి వస్తుంది. కానీ ఇలా తిప్పినప్పుడు ఏసెస్ 1లో తెలుపు విలువ 16 దాకా పోతుంది. దాని మీద బ్లర్ గానీ మోషన్ బ్లర్ గానీ వేస్తే లోగో చుట్టూ వెలుగు పొంగుతుంది. మ్యాట్ పెయింటింగ్‌లో ఆకాశం కోసం కూడా కొందరు ఈ దారి వాడతారు. రంగు అచ్చంగా కుదురుతుంది. వెలుగు నిష్పత్తుల్ని మాత్రం నమ్మకండి.

నీలం ఎల్ఈడీ లైట్ల చుట్టూ నల్ల మచ్చలు, వింత అంచులు వస్తున్నాయి.

పిక్సెల్ మీద కర్సర్ పెట్టి అంకెలు చూడండి. ఎరుపులోనో ఆకుపచ్చలోనో మైనస్ కనిపిస్తుంది. ఎల్ఈడీ నీలం చాలా గాఢమైనది. కెమెరా దాన్ని కొలిచిన తీరు, మ్యాట్రిక్స్ మార్చిన తీరు కలిసి ఆ రంగుని ఏసెస్ సీజీ గ్యామట్ బయటికి తోసేస్తాయి. బయట ఉన్న రంగుని అంకెల్లో చెప్పాలంటే ఏదో ఒక ఛానెల్ మైనస్‌లోకి వెళ్ళాలి. విలువ అలా ఉండటం తప్పు కాదు. దాని మీద మనం చేసే పనులే కుదరవు. మైనస్ అంకె మీద గామా వేస్తే అర్థం లేని ఫలితం వస్తుంది, గుణిస్తే ఇంకా లోతుకి పోతుంది, బ్లర్ చేస్తే పక్క పిక్సెళ్ళకి అంటుకుంటుంది.

కొత్తవాళ్ళు చేసే పని క్లాంప్ నోడ్ పెట్టి సున్నా దగ్గర కోసేయడం. మైనస్ పోతుంది, దానితోపాటు నీలంలోని ఛాయలూ పోయి చదునుగా రంగు పూసినట్టు అవుతుంది. ఏసెస్ 1.3తో రిఫరెన్స్ గ్యామట్ కంప్రెషన్ అనేది వచ్చింది. అది మామూలు రంగుల జోలికి పెద్దగా పోకుండా, అంచు దాటిన వాటిని మెల్లగా లోపలికి నెడుతుంది. దాన్ని ప్లేట్ తీసేటప్పుడే వేస్తున్నారా, మీరు వేయాలా, డీఐలో వేస్తారా అనేది పని మొదలవకముందే తేల్చుకోండి. ఒకే సీక్వెన్స్‌లో కొన్ని షాట్లకి వేసి కొన్నింటికి వేయకపోతే పక్కపక్క షాట్లలో ఒకే లైటు రెండు నీలాల్లో కనిపిస్తుంది.

అన్నీ లీనియర్‌లోనే చేయాలా? కీయింగ్, గ్రెయిన్, రీసైజ్ కూడానా?

ఇక్కడ నియమం కంటే కన్ను ముఖ్యం. వెలుగుని కలిపే పనులన్నీ లీనియర్‌లో: మర్జ్, బ్లర్, డీఫోకస్, మోషన్ బ్లర్. కీయర్‌లు ఒక్కోటి ఒక్కో స్పేస్‌ని ఊహించుకుని రాసినవి. కొన్ని లోపల తామే లాగ్‌లోకి మార్చుకుంటాయి. మ్యాట్ తీయడానికి మాత్రం ప్లేట్‌ని లాగ్‌లోకి తిప్పి ఇచ్చినా తప్పేం లేదు, ఆల్ఫా (పారదర్శకత ఛానెల్) ఒక్కటే వాడుకుని రంగుని లీనియర్ ప్లేట్ నుంచే తీసుకుంటాం కాబట్టి. డీనాయిజ్ కూడా లాగ్‌లో మెరుగ్గా వస్తుంది, నీడల్లోనూ వెలుగుల్లోనూ గ్రెయిన్ దగ్గర దగ్గర పరిమాణంలో ఉంటుంది కాబట్టి.

రీసైజ్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. లాంజోస్ లాంటి పదునైన ఫిల్టర్లు అంచుల పక్కన కొంచెం మైనస్ వైపు ఊగుతాయి. మామూలు అంచు దగ్గర అది కంటికి ఆనదు. విలువ 40 ఉన్న దీపం పక్కన అదే ఊపు పెద్ద నల్ల వలయం అవుతుంది. అలాంటి ప్లేట్‌ని లాగ్‌లోకి మార్చి రీసైజ్ చేసి వెనక్కి తెచ్చుకోండి, లేదా మెత్తటి ఫిల్టర్ వాడండి.

ఆల్ఫా ఉన్న బొమ్మకి లాగ్ మార్పిడి చేసే ముందు అన్‌ప్రీమల్ట్ (రంగుని ఆల్ఫాతో భాగించడం) మర్చిపోవద్దు. ప్రీమల్ట్ అయిన అంచు పిక్సెళ్ళని కర్వ్ మీదుగా పంపితే అవి వేరే రంగుకి వెళ్ళిపోతాయి.

లీగల్ రేంజ్, ఫుల్ రేంజ్ గొడవ ఏమిటి?

10 బిట్ వీడియోలో లీగల్ అంటే నలుపు 64 దగ్గర, తెలుపు 940 దగ్గర. ఫుల్ అంటే 0 నుంచి 1023. ప్రోరెస్‌లో వచ్చే లాగ్ సాధారణంగా లీగల్, డీపీఎక్స్ సాధారణంగా ఫుల్. ఫుల్‌ని లీగల్ అనుకుని సాగదీస్తే జరిగేది చూడండి: లాగ్‌సీ3లో బూడిద కార్డు 0.391 నుంచి 0.384కి జరుగుతుంది, కంటికి తెలియదు. నలుపు మాత్రం 0.093 నుంచి 0.035కి పడిపోతుంది, లీనియర్‌లోకి విప్పితే మైనస్ అవుతుంది. మధ్యలో అంతా బాగుండి నీడలు మాత్రమే మూసుకుపోయాయంటే ముందు దీన్ని అనుమానించండి.

16 బిట్ ఈఎక్స్ఆర్ సరిపోతుందా, 32 కావాలా?

రంగుకి 16 సరిపోతుంది. ఐఎల్‌ఎమ్ 2003లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన ఈ ఫార్మాట్‌లో హాఫ్ ఫ్లోట్ 65,504 దాకా వెళ్తుంది, మామూలు పరిధిలో ఒక్కో స్టాపుకి 1024 మెట్లు ఇస్తుంది. డెప్త్, పొజిషన్ పాస్‌లకి మాత్రం 32 పెట్టండి. కంప్రెషన్‌లో జిప్, పిజ్ ఏమీ పోగొట్టవు. డీడబ్ల్యూఏఏ కొంత పోగొడుతుంది, ప్రీకంప్‌లకి (మధ్యలో రెండర్ చేసి పెట్టుకునే వాటికి) పర్లేదు, డెలివరీకి అడిగి చేయండి.

మానిటర్ ఎలా ఉండాలి?

వ్యూయర్‌లో పెట్టిన వ్యూ, మానిటర్ సెట్టింగ్ ఒకటే అయి ఉండాలి. రెక్ 709 వ్యూ పెట్టి మానిటర్‌ని పీ3 మోడ్‌లో వదిలేస్తే ఎరుపులు మండిపోతాయి, మీరు వాటిని తగ్గిస్తారు, డీఐలో అవి చచ్చిపోయి కనిపిస్తాయి. గది వెలుగు కూడా చూసుకోండి. చీకటి గదికి గామా 2.4, లైట్లున్న ఆఫీసుకి ఎస్ఆర్‌జీబీ దగ్గరగా ఉంటుంది.

పంపే ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుసుకోవాలి?

షాట్ మొదలుపెట్టిన రోజే చేయండి, ఆఖరి రోజు కాదు. ఏ పనీ చేయని ప్లేట్‌ని రీడ్ నుంచి నేరుగా రైట్‌కి కలిపి, డెలివరీ సెట్టింగులతో ఒక ఫ్రేమ్ రెండర్ చేయండి. ఆ ఫ్రేమ్‌నీ అసలు ప్లేట్‌నీ రెండింటినీ రా డేటాగా తెరిచి డిఫరెన్స్ తీయండి. వచ్చినదాన్ని ఎక్స్‌పోజర్‌తో వెయ్యి రెట్లు పెంచి చూడండి.

పూర్తి నలుపు వస్తే సరే. ఏసెస్ సీజీలోకి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు హాఫ్ ఫ్లోట్ రౌండింగ్ వల్ల అక్కడక్కడ ఇసక చల్లినట్టు చుక్కలు రావచ్చు, వెలుగున్న చోట కాస్త ఎక్కువగా ఉంటాయి, అదీ సరే. ఆ చుక్కల బదులు నునుపుగా నటుడి ముఖం, కిటికీ, చొక్కా మడతలు బొమ్మలా కనిపించాయంటే, వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో స్పేస్ పేరు ఒకటి తప్పింది. రైట్ నోడ్ తెరిచి మొదట అక్కడ చూడండి, నాకు పదిలో ఏడుసార్లు అక్కడే దొరికింది.